సర్పంచమ్మ బలపాలు

ఇంద్రాణి గుండె మొదటిసారి తప్పింది వంటింట్లో, చారుకు తిరగమోత పెడుతున్నప్పుడు. నొప్పి లేదు, ఆయాసం లేదు. నీళ్లందని బోరు మోటారు ఒక్క క్షణం గాలి మింగి, ఆ వెంటనే ఒక్క ఊపున నీళ్లు కక్కినట్టు, ఎదలో ఏదో ఆగి మళ్లీ దబ్బున పడింది. ఆమె గరిటె పక్కన పెట్టి గుండె మీద చెయ్యి వేసుకుంది. అంతా మామూలుగానే ఉంది. ఇంతలో ఆవాలు మాడిపోయాయి.

"టీ అయిందా?" అని వసారాలోంచి భర్త రాఘవేంద్ర కేక వేశాడు.

"తెస్తాండా" అంది.

ఆ ఇల్లు ఎప్పుడూ మనుషులతో నిండి ఉండేది. బత్తలపల్లె దగ్గరి ఆ ఊర్లో తాతల కాలం నుంచి పెద్దరికం చేస్తున్న కుటుంబం రాఘవేంద్రది. చీనీ బత్తాయి తోట, చెనిక్కాయ చేలు, వాటితో పాటు రాజకీయం. సర్పంచి పదవి ఆడవాళ్లకు రిజర్వు కావడంతో ఇంద్రాణి చేత నామినేషన్ వేయించాడు. ఆమె గెలిచింది. సంతకాలు ఆమెవి, మాట ఆయనది. ఊరంతా సర్పంచమ్మా అని పిలిచేవాళ్లు గానీ, పని పడితే ఆయన దగ్గరికే పోయేవాళ్లు.

ఇంటికి ఎవరొచ్చినా తినకుండా పోకూడదని రాఘవేంద్ర పట్టుదల. "మాది పెట్టే ఇల్లు" అని పదిమందిలో చెప్పుకునేవాడు. పెట్టేది ఇంద్రాణి. అందరి భోజనాలు అయ్యేసరికి గిన్నె అడుగున ఇంత సంగటో, అన్నమో మిగిలేది. కూర మిగిలేది కాదు. మళ్లీ పొయ్యి వెలిగించే ఓపిక లేక ఊరగాయ, మజ్జిగ వేసుకుని నాలుగు ముద్దలు మింగి, గ్లాసు నిండా టీ తాగేది. ఒక్కోరోజు టీ ఒక్కటే. నెలనెలా రక్తం కూడా ఎక్కువగానే పోయేది. నలభై దాటింది కదా, ఈ వయసులో అంతేనేమో అనుకునేది.

గుండె సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. మర్నాడు బట్టలు ఆరేస్తుంటే మళ్లీ తప్పింది. తర్వాత పంచాయతీ ఆఫీసులో కుర్చీలో కూర్చుని ఉండగా వరసగా తప్పింది. ఎండలో నడిచి వచ్చినప్పుడు, టీ మీద టీ తాగినప్పుడు మరీ ఎక్కువయ్యేది. ధర్మవరం పోయి ఎవరికైనా చూపించుకుందామా అని ఒకటి రెండుసార్లు అనుకుంది. కానీ డాక్టరు ముందుగా అడిగేది ఏం తింటావు అనే కదా. ఆ ప్రశ్న తలచుకుంటేనే ఆమెకు ముఖం చెల్లేది కాదు. ఎందుకంటే ఇంద్రాణి బలపాలు తినేది.

కూతురు ప్రసూన చదువుకు తిరుపతి పోయాక మొదలైంది అది. అటక మీద సామాన్లు సర్దుతుంటే పిల్ల చిన్నప్పటి బడిసంచి దొరికింది. అడుగున విరిగిన బలపం ముక్కలు. తొలివాన పడ్డ నేల వాసన లాంటిది ముక్కుకు తగిలి నోట్లో నీళ్లూరాయి. చుట్టూ చూసి ఒక ముక్క పంటి కింద వేసుకుంది. కరకరమని నలిగి నాలుక మీద చల్లగా పరుచుకుంది. ఆ రోజు నుంచి అది లేకుండా పొద్దు గడవలేదు. బియ్యం డబ్బాలో దాచుకునేది. ఎవరూ లేని సమయం చూసి నమిలేది. తర్వాత నోరు పుక్కిలించి అద్దంలో పళ్లు చూసుకునేది. చిన్నపిల్లలు మట్టి తింటారని తెలుసు. కడుపుతో ఉన్నవాళ్లు తింటారని విన్నది. పెళ్లీడు కూతురున్న తను, ఊరికి సర్పంచి అయిన తను బలపాలు తినడమేమిటి? తన మీద తనకే రోత పుట్టేది. ఆ రోతతోనే ఇంకో ముక్క తీసేది.

గుండె తప్పడం మొదలయ్యాక ఆమె రెండింటినీ ముడివేసుకుంది. ఇన్నాళ్లూ మింగిన రాతిపొడి ఎదలో పేరుకుని గుండెకు అడ్డం పడుతోందని నమ్మింది. ఆస్పత్రిలో ఫోటో తీస్తే తెల్లగా కనపడుతుందేమో. డాక్టరు ఆ ఫోటో రాఘవేంద్రకు చూపిస్తే? చచ్చినా ఆస్పత్రికి పోకూడదనుకుంది.

బలపాలు తెచ్చుకోవడం కూడా కష్టమే. ఇంట్లో బడికి పోయే పిల్లలు లేరు. ఊర్లో అంగట్లో అడిగితే "ఎవురికి సర్పంచమ్మా?" అంటారు. ధర్మవరం పోయినప్పుడల్లా తెచ్చుకునేది. అవి అయిపోయిన ఒక మధ్యాహ్నం, పిల్లల్ని చూసి పోదామన్నట్టు పంచాయతీ ఆఫీసు పక్కనున్న అంగన్‌వాడీలోకి వెళ్లింది. టీచరు ఓబులమ్మ బయట ఫోన్లో మాట్లాడుతోంది. ఆయా చిన్నక్క పెరట్లో పిల్లలకు చేతులు కడుగుతోంది. అల్మారాలో బలపాల పెట్టె మూత తీసి ఉంది. ఇంద్రాణి గుప్పెడు తీసి కొంగున కట్టుకుంది. ఇల్లు చేరేదాకా కూడా ఆగలేక, తలుపు చాటున నిలబడి ఒకటి అక్కడే నమిలింది. ఆ తర్వాత మళ్లీ వెళ్లింది. మళ్లీ మళ్లీ వెళ్లింది.

కొన్నాళ్లకు ఓబులమ్మ ఆ మాట తెచ్చి రాఘవేంద్ర ముందు పెట్టింది.

"పెట్టెలకు పెట్టెలు ఖాళీ అయితాండాయన్నా. పిలకాయలు రాసేదానికి లేవు. నేనైతే చూడలేదు. కానీ చిన్నక్క తప్ప లోపలికి ఇంగెవురు పోతారు?"

చిన్నక్క కాలనీలో ఉండే మనిషి. మొగుడు పోయాక ఆ ఆయా పనితోనే పిల్లల్ని సాకుతోంది. రాఘవేంద్ర ఆమెను పిలిపించి వాకిట్లో నిలబెట్టాడు. వసారాలో ఎప్పటిలాగే మనుషులున్నారు.

"బలపాలే ఎత్తుకపోయేదానివి, గుడ్లు ఇడుస్తావా? పాలు ఇడుస్తావా?"

"నా బిడ్డల మీద ఒట్టన్నా, నేను ముట్టలేదు. బలపాలు నాకేంటికన్నా?"

"అమ్ముకునేదానికి."

వసారాలో ఎవరో నవ్వారు.

ఇంద్రాణి టీ గ్లాసుల పళ్లెం పట్టుకుని తలుపుకు వేసిన గుడ్డ వెనక నిలబడి ఉంది. బుగ్గలో బలపం ముక్క ఉంది, ఇంకా నలగలేదు. గుండె ఒకసారి తప్పింది. మళ్లీ తప్పింది. ఇప్పుడు నోరు తెరవాలి. తెరిస్తే అందులో అది ఉంది. పళ్లెంలో గ్లాసులు ఒకదానికొకటి తగిలి చప్పుడవుతుంటే పొట్టకు అదిమి పట్టుకుంది.

"ఇంగోసారి ఇట్లాంటిది నా చెవిన పడిందంటే పనిలోంచి తీసేపిస్తా. పో" అన్నాడు రాఘవేంద్ర. చిన్నక్క అడుగుల చప్పుడు వాకిలి దాటేదాకా ఇంద్రాణి అక్కడినుంచి కదల్లేదు. టీ చల్లారిపోయిందని ఆయన విసుక్కుంటే మళ్లీ కాచింది.

ఆ తర్వాత ఆమె అంగన్‌వాడీ గడప తొక్కలేదు. చిన్నక్క ఎదురైతే కొంగు సర్దుకుంటున్నట్టు తల తిప్పుకునేది. ఇంక ముట్టనని దేవుడి పటం ముందు ఒట్టు పెట్టుకుంది. ఆ వారమే చీర కుచ్చుల పని అని చెప్పి ధర్మవరం పోయి మళ్లీ తెచ్చుకుంది.

సెప్టెంబరులో పోషణ మాసం వచ్చింది. అంగన్‌వాడీ ముందు రేకుల పందిరి కింద కార్యక్రమం. గర్భిణులు, బాలింతలు, పిల్లల తల్లులు కూర్చున్నారు. బల్ల మీద ఆకుకూరల కట్టలు, కోడిగుడ్లు, రాగిపిండి, బెల్లం, ఖర్జూరాలు ముగ్గు వేసినట్టు పేర్చారు. పంటకు అందాల్సిన వాన మొహం చాటేసిన ఏడు అది. రేకులు కాగి కింద కూర్చున్నవాళ్ల నెత్తిన సెగ కొడుతోంది. పొద్దున్నుంచీ వచ్చినవాళ్లకు టిఫిన్లు పెట్టి, తను టీ ఒక్కటే తాగి వచ్చింది ఇంద్రాణి. ఓబులమ్మ నేర్పిన నాలుగు మాటలు మైకులో చెప్పింది.

"ఆకుకూరలు తినల్ల. దినామూ గుడ్డు తినల్ల. ఐరన్ మాత్రలు ఇడసకుండా మింగల్ల. ఇంట్లో అందరూ తిన్యాక మనం తిందాములే అనుకోవద్దండి."

చివరి మాట చెప్తుంటే తన గొంతు తనకే పరాయిదిలా వినిపించింది. తర్వాత ఆనవాయితీగా పిల్లల వైపు తిరిగి, మైకు వాళ్ల ముందు పెట్టి, "మీరేం తింటారు కన్నా?" అంది.

"గుడ్డు!" అని పిల్లలంతా ఒక్కసారిగా అరిచారు.

ముందు వరసలో ఒక పాప లేచి నిలబడింది. నాలుగేళ్లుంటాయేమో.

"నువ్వు బలపం తింటావు గదా?" అంది.

మైకులో ఆ చిన్న గొంతు వీధి చివరి దాకా వినిపించింది. మైకు వెనక్కి తీసుకోవాలన్న ఆలోచన కూడా ఇంద్రాణికి రాలేదు.

"ఆ పొద్దు తింటివి గదా. తలుపు ఎనక. కరుం కరుం అని."

ఎవరో ఆడమనిషి కిసుక్కుమంది. ఆ నవ్వు పందిరంతా పాకి, పక్కన నిలబడి ఉన్న రాఘవేంద్ర ముఖం చూసి ఆగిపోయింది. చూడకూడదనుకుంటూనే ఇంద్రాణి చిన్నక్క వైపు చూసింది. చిన్నక్క పిల్లల వెనక నిలబడి, రెప్ప వేయకుండా ఆమెనే చూస్తోంది. గుండె తప్పింది, పడింది, వెంటనే మళ్లీ తప్పింది. చెవుల్లో హోరు. కళ్ల ముందు ఆకుకూరల కట్టలు నల్లబడ్డాయి. మైకు నేల మీద పడిన చప్పుడు విన్నది గానీ తను పడిపోయిన సంగతి ఆమెకు తెలియలేదు.

రాఘవేంద్ర ఆమెను కారులో బత్తలపల్లె ఆస్పత్రికి తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు సునంద నడివయసు మనిషి, మాట నెమ్మది. ఇంద్రాణి కంటి రెప్ప కిందికి లాగి చూసింది, గోళ్లు చూసింది. గుండె తప్పినట్టుంటుందా అని అడిగి, ఇంద్రాణి తలూపాక రక్తం తీయించింది, ఈసీజీ తీయించింది. రిపోర్టులు వచ్చాక ఇద్దరినీ కూర్చోబెట్టి ఈసీజీ కాగితం మీద వేలు పెట్టి చూపించింది.

"గుండె జబ్బేమీ కనపడలేదు. ఇదిగో, ఇక్కడ ఒక దెబ్బ తొందరపడి ముందే పడింది. అందుకే దాని తర్వాత కాస్త ఎడం వచ్చింది. మీకు తప్పినట్టు అనిపించేది ఆ ఎడమే. అసలు సంగతి రక్తం. హిమోగ్లోబిన్ ఏడు కూడా లేదు. ఇంట్లో ఏం తింటారమ్మా?"

ఇంద్రాణి తల వంచుకుంది. రాఘవేంద్ర జవాబిచ్చాడు.

"మాది తినే ఇల్లు మేడమ్. దినామూ పదిమందికి పెట్టే ఇల్లు. తిండికేం కొదవ లేదు."

"పెట్టేది కాదండీ, ఈమె తినేది అడుగుతున్నా. నిన్న మధ్యాహ్నం ఏం తిన్నారు ఈమె?"

రాఘవేంద్ర నోరు తెరిచాడు. భార్య వైపు చూశాడు. "సంగటి తినింటాది" అన్నాడు. అతని చెవులు కందిపోవడం ఇంద్రాణి చూసింది.

"మట్టి, సున్నం, బలపాలు... అట్లాంటివి ఏమన్నా తినాలనిపిస్తుందా?" అని డాక్టరు ఇంద్రాణిని అడిగింది.

"అది ఎవురో పిల్ల ఏదో వాగింది మేడమ్..." అని రాఘవేంద్ర అడ్డుపడ్డాడు.

"మీరు కాసేపు బయట కూర్చోండి."

తలుపు మూసుకున్నాక ఇంద్రాణి చెప్పింది. చిన్నక్క సంగతి తప్ప మిగతా అంతా చెప్పింది. చెప్తున్నంతసేపూ కొంగు అంచు వేలికి చుట్టుకుంటూనే ఉంది.

"ఆ పొడి గుండెకు పట్టుకొనిందా మేడమ్? ఫోటోలో కనపడతాదా?"

డాక్టరు నవ్వలేదు. "మీరు తలకిందులుగా అనుకున్నారమ్మా. ఒంట్లో ఇనుము తక్కువైతే కొంతమందికి ఇట్లాంటివి తినాలని ప్రాణం లాగుతుంది. అది చెడ్డ బుద్ధి కాదు, జబ్బు గుర్తు. ఇంక గుండె తప్పడానికి కారణం ఇదొక్కటే అని చెప్పలేను. రక్తం తక్కువగా ఉంది. నెలసరిలో ఎక్కువ పోతోందంటున్నారు, దానికి స్కాన్ చేయాలి. ఖాళీ కడుపున అంత టీ. ఈ ఎండలకు చెమట పట్టి ఒంట్లో నీళ్లు, లవణాలు తగ్గిపోవడం. అన్నీ కలిసి ఉండొచ్చు. ఒక్కొక్కటీ సరిచేసుకుంటూ పోదాం."

"అప్పుడు ఇంగ తప్పదా?"

"తగ్గుతుంది. పూర్తిగా పోతుందని మాట ఇవ్వను. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు కూడా అప్పుడప్పుడూ తప్పుతుంది, చాలామందికి తెలియదంతే. కళ్లు తిరిగినా, ఎదలో నొప్పి వచ్చినా మాత్రం దాచుకోకుండా రావాలి."

చెడ్డ బుద్ధి కాదన్న మాట దగ్గరే ఇంద్రాణికి ఏడుపొచ్చింది. డాక్టరు భుజం తట్టింది. కానీ ఆమెకు ఊరట కలగలేదు. తినడం జబ్బే కావచ్చు. తలుపు వెనక నోరు మూసుకుని నిలబడడం ఏ జబ్బో డాక్టరును అడగలేకపోయింది.

సాయంత్రం దాకా ఉంచుకుని ఐరన్ ఎక్కించి పంపారు. కారు ఊరి దారి పట్టాక రాఘవేంద్ర నోరు విప్పాడు.

"ఎవురన్నా అడిగితే లో బీపీ అని చెప్పు. ఎండకు పడిపోతివి, అంతే. కూడు లేక పడిపోయిందంట రాఘవేంద్ర పెండ్లాము అని ఊర్లో అంటే నేను తలెత్తుకోని తిరగల్లా వద్దా?"

ఆమె చేతి మీద సూది గుచ్చిన చోట దూది అదిమి పట్టుకుంది.

"ఆ పాపకు చెప్పిచ్చింది చిన్నక్కే. దొంగ అన్యామని కసి. అంగన్‌వాడీ సూపర్వైజరుకు అప్పుడే ఫోన్ చేసి చెప్పినా, వచ్చి విచారిస్తాది. దాన్ని తీసేస్తే ఊరు నోరు మూసుకుంటాది."

ఒక్క క్షణం ఇంద్రాణికి ఎద మీద బరువు దిగినట్టయింది. పాప మాట అబద్ధమైపోతుంది. తను ఎప్పటి సర్పంచమ్మగానే ఉంటుంది. అలా ఊపిరి పీల్చుకున్నానని తెలిసిన మరుక్షణం ఆమె కిటికీ వైపు తిరిగి ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. బయట వాడిపోతున్న చెనిక్కాయ చేలు వెనక్కి పోతున్నాయి. ఊరు చేరేదాకా ఆ ముఖం ఇటు తిప్పలేదు.

సూపర్వైజరు కృపాకుమారి వచ్చిన రోజు "నువ్వు రావద్దు, ఇంట్లో పండుకో" అని చెప్పి రాఘవేంద్ర ఒక్కడే వెళ్లాడు. ఇంద్రాణి మంచం మీద కాసేపు పడుకుంది. లేచి కూర్చుంది. గుమ్మం దాకా వచ్చి మళ్లీ వెనక్కి పోయింది. చివరికి చెప్పులేసుకుని బయలుదేరింది. అంగన్‌వాడీ వాకిట్లో ఆడవాళ్లు గుంపుగా ఉన్నారు. ఆమెను చూసి దారి ఇచ్చారు. ఆ దారిలో నడవడం ఆమెకు వేలమంది ముందు నడిచినట్టుంది.

లోపల చిన్నక్క గోడకు ఆనుకుని నిలబడి ఉంది. రాఘవేంద్ర, ఓబులమ్మ కుర్చీల్లో ఉన్నారు. కృపాకుమారి ఆ పాపను దగ్గరికి తీసుకుని అడుగుతోంది.

"ఆ మాట నీకు ఎవరు చెప్పమన్నారు పాపా? చిన్నక్క చెప్పమనిందా?"

"లేదు. నేనే చూసినా."

పాప తల్లి రాఘవేంద్ర తోటలో కూలికి పోయే మనిషి. ఆమె భయంగా అతని వైపు చూసి, పాప వీపు మీద ఒక్కటి చరిచింది.

"అబద్ధాలు చెప్తావా? చిన్నక్క చెప్పమనిందని చెప్పు!"

"నేను చూసినామా... నేను చూసినా..." అని పాప ఏడ్చింది. తల్లి మళ్లీ చెయ్యెత్తింది.

"పాపను కొట్టొద్దమ్మా" అంది ఇంద్రాణి.

అందరూ వెనక్కి తిరిగారు. ఆమె ఎదలో ఒక దెబ్బ తప్పింది. కింద పడతానేమో అని తలుపు పట్టుకుంది. పడలేదు.

"పాప చూసింది నిజమే. బలపాలు నేనే ఎత్తుకపోతి. నేనే తింటి. చిన్నక్కకు ఏమీ తెలీదు."

రాఘవేంద్ర లేచాడు. "ఈమెకు ఒంట్లో బాగలేదు మేడమ్. ఆ పొద్దు పడినప్పటి నుంచి ఏదేదో మాట్లాడతాంది. నువ్వు ఇంటికి పా."

"బాగలేకనే తింటి" అంది ఇంద్రాణి. ఆయన వైపు చూడలేదు. చూస్తే ఆగిపోతానని భయం. "రక్తం లేకపోతే అట్ల తినబుద్ధి అయితాదని డాక్టరమ్మ చెప్పింది. తినింది జబ్బు. ఈమెను వాకిట్లో నిలబెట్టి దొంగ అంటాంటే నేను లోపల గమ్మునుంటి గదా, అది మాత్రం జబ్బు కాదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఓబులమ్మ గోడ మీది బొమ్మల వైపు చూస్తూ ఉండిపోయింది. కృపాకుమారి గొంతు సవరించుకుని, "అయితే ఇంక విచారించేదేముంది" అంది. రాఘవేంద్ర కుర్చీ పక్కకు నెట్టి బయటికి వెళ్లాడు. మోటార్ సైకిల్ చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా వినిపించింది.

జనం ఒక్కొక్కరే పోయారు. ఇంద్రాణి చిన్నక్క దగ్గరికి వెళ్లింది. ఏం చెప్పాలో ఇంటి దగ్గరే అనుకుని వచ్చింది గానీ ఒక్క మాటా గుర్తు లేదు.

"తప్పయిపాయ చిన్నక్కా."

చిన్నక్క పిల్లల పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చి పక్కన పెట్టింది.

"బలపాల దొంగ అంటాండారు సర్పంచమ్మా నన్ను, కాలనీలో పిలకాయలు. నా కొడుకు బడిలో కొట్లాడి వచ్చినాడు" అంది. "ఆ పొద్దు గుడ్డ ఎనక నువ్వు నిలబడి ఉండావని నాకు తెలుసు. నీ కాళ్లు కనపడతాండె. బలపాలు ఎవురు తీసినారో నాకు తెలీదు గానీ, ఆడమనిషి కదా, వచ్చి ఒక మాట అంటాదేమోలే అని నీ కాళ్ల తట్టే చూస్తా నిలబడితి."

ఇంద్రాణి తల దించుకుంది. తన కాళ్లే కనపడ్డాయి. ఆ వాకిట్లో ఎంతసేపు నిలబడి చూసిందో చిన్నక్క వీటిని.

"ఇప్పుడన్నా చెప్తివి. సరేలే" అని చిన్నక్క పెరట్లోకి పోయింది. ఆ సరేలేలో క్షమించిన జాడ ఏమీ లేదు. ఉండాలని అడిగే హక్కు కూడా తనకు లేదనుకుంటూ ఇంద్రాణి ఇంటికి నడిచింది.

ఊరు చాలా రోజులు ఆ మాటే చెప్పుకుంది. టీ అంగడి దగ్గర కుర్రకారు ఒకరినొకరు "సర్పంచమ్మ బలపాలు కావల్లనా?" అని ఎగతాళి చేసుకునేవాళ్లట. రాఘవేంద్ర బత్తలపల్లెలో హోటల్లో తిని వచ్చేవాడు. ఇంట్లో మాట్లాడేవాడు కాదు. వసారా పలచబడింది. అవతలి వర్గంవాళ్లు ఆమెను దిగిపొమ్మంటారని కూడా పుకారు పుట్టింది. ఎవరూ అడగలేదు. ఇంద్రాణి వీధిలోకి వచ్చిన ప్రతిసారీ ఒళ్లు కుంచించుకుపోయేది. అయినా పంచాయతీ ఆఫీసుకు పోవడం మానలేదు.

స్కాన్‌లో గర్భసంచిలో చిన్న గడ్డ కనపడింది. రక్తం ఎక్కువ పోకుండా మందులిచ్చారు. ఐరన్ ఇంకా ఎక్కించారు. టీ తగ్గించింది. ఎండలో పోతే ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు సీసాలో పోసుకుని పోయేది. వంటయ్యాక తనకు కావలసింది ముందే తీసి పెట్టుకోవడం మొదలుపెట్టింది. అన్నిటికంటే కష్టమైంది అదే. మొగవాళ్లు తినకముందు కంచం ముందు కూర్చోవాలంటే దొంగతనం చేస్తున్నట్టే ఉండేది. బలపాల మీది యావ దానంతట అదే తగ్గిపోయింది. ఒకరోజు డబ్బాలో మిగిలిన ముక్క చేతికి తగిలితే వాసన చూసింది. ఏమీ అనిపించలేదు. చెత్తలో పారేసింది. గుండె మాత్రం ఎప్పుడైనా ఒకటి తప్పుతూనే ఉంది. అలా తప్పినప్పుడు ఒక నిమిషం కూర్చుని, నీళ్లు తాగి, మళ్లీ పనిలో పడేది.

ఒక మధ్యాహ్నం ఆమె పప్పు, సంగటి, గుడ్డు పెట్టుకుని తింటుంటే రాఘవేంద్ర చెప్పకుండా లోపలికి వచ్చాడు. ఆమె ఎంగిలి చేత్తోనే లేవబోయింది.

"కూర్చో" అన్నాడు. తనే బిందెలో నీళ్లు ముంచుకుని తాగాడు. ఖాళీ చెంబు చేతిలో తిప్పుతూ అన్నాడు. "నేను మాట్లాడనిది ఊరు నవ్వినదానికి కాదు. నీ పెండ్లాము నిన్న ఏం తినిందప్పా అని ఆ డాక్టరమ్మ అడిగితే నాకు తెలీకపాయ. అది... శానా..." అని మాట పూర్తి చేయలేకపోయాడు. "మళ్లా ఎప్పుడు రమ్మనింది?"

"బేస్తవారం."

"కారు తీసుకోని పో. డ్రైవరుకు చెప్తా" అని చెంబు బోర్లించి వెళ్లాడు. ఇంద్రాణికి ఆ రోజు మిగతా సంగటి తినడానికి చాలాసేపు పట్టింది.

బుధవారం పొద్దున వెనక వాకిలి దగ్గర ఎవరో నిలబడి ఉన్నారు. వెళ్లి చూస్తే నందిని, పై వీధిలో కాపురానికి వచ్చిన కొత్త కోడలు, ఐదో నెల కడుపు. వీధి వైపు ఎవరూ చూడటం లేదు కదా అని వెనక్కి తిరిగి చూసి, లోపలికి వచ్చి, వంటింటి గోడకు ఆనుకుంది. ఏమిటమ్మా అంటే చెప్పదు. కూర్చోమంటే కూర్చోదు. ఇంద్రాణి రెట్టించి అడగలేదు. ఉప్మా తాళింపు వేసి, రెండు గిన్నెల్లో పెట్టి, ఒకటి ఆమె చేతికిచ్చింది.

"నేను ఎర్రమట్టి తింటాండా అక్కా" అంది నందిని, ఉప్మా వైపు చూస్తూ. "మా అత్తకు తెలిస్తే పుట్టింటికి తరుముతాది. మిద్దె మెట్లు ఎక్కినా గుండె దడదడ అంటాది. బిడ్డకు ఏమన్నా అయితాదా?"

"నాకు తెలీదు. రేపు నేను ఆస్పత్రికి పోతాండా. నాతో రా. కారులో పోదాం."

"కారులో వద్దక్కా. ఊరంతా చూస్తాది."

"అయితే ఆటోలో పోదాం. మీ అత్తకు నేను చెప్తాలే, సర్పంచమ్మ తోడు పిలిచిందని."

మర్నాడు ఆటో ఊరి పొలిమేర దాటాక నందిని ముసుగు కాస్త వెనక్కి తీసింది. కొంతదూరం పోయాక అడిగింది.

"డాక్టరమ్మ అందరి ముందర తిడతాదా అక్కా?"

"తిట్టదు."

"తిడితే?"

ఇంద్రాణి ఆమె చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది. చల్లగా ఉంది ఆ చెయ్యి.

"తిడితే ఇద్దరం తిట్టిచ్చుకుందాము" అంది.